ఫార్మలిన్, జైలీన్, ఇథిడియం బ్రోమైడ్ మధ్య పని: క్యారియోటైప్ చేయించుకుంటే జన్యువులకు తగిలిన దెబ్బ తెలుస్తుందా?

ప్రశ్న: పారాఫిన్_బ్లాక్, బెంగళూరు

నమస్తే. మారతహళ్లి వైపు ఉన్న ఒక చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ గురించి అడుగుతున్నాను. ఇల్లుగా కట్టిన బిల్డింగ్‌నే ల్యాబ్‌గా మార్చారు. ఒక గదిలో హిస్టోపాథాలజీ (కణజాలం ముక్కల పరీక్ష), పక్క గదిలో డీఎన్ఏ పరీక్షలకు పీసీఆర్, జెల్ పని. రోజుకు 40 దాకా స్పెసిమెన్లు ఫార్మలిన్‌లో వస్తాయి. గ్రాసింగ్ టేబుల్‌కు (స్పెసిమెన్లను కోసే చోటు) సరిగ్గా పైన గోడలో ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎదురు గోడకు స్ప్లిట్ ఏసీ. స్లైడ్లకు రంగు వేసే స్టెయినింగ్ లైన్‌లో జైలీన్ జార్లకు పగలంతా మూతలుండవు. జెల్‌లో డీఎన్ఏ మెరిసి కనపడటానికి ఇథిడియం బ్రోమైడ్ వాడతారు. ఎముక ముక్కలు వస్తే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేసి మెత్తబరుస్తారు.

ఇక్కడి టెక్నీషియన్లలో ఒకతను, ఒకామె త్వరలో పిల్లల్ని కనాలనుకుంటున్నారు. మేనేజ్‌మెంట్ వాళ్లేమో "అందరికీ క్యారియోటైప్ (క్రోమోజోములను చూసే రక్తపరీక్ష) చేయిస్తాం, నార్మల్ వస్తే ఇక భయమే లేదు" అంటున్నారు. ఆ మాట నమ్మవచ్చా? పైన చెప్పిన వాటిలో జన్యువుల జోలికి నిజంగా వెళ్లేవి ఏవి? డబ్బు పెట్టేటట్టయితే ముందు దేని మీద పెట్టాలి?


జవాబు 1: మెటాఫేజ్_72

క్యారియోటైప్ మీద పెట్టే డబ్బు దండగండీ. చెడ్డ పరీక్ష అని కాదు, దానికి తెలిసిన ప్రశ్న వేరు. మామూలు క్యారియోటైప్‌లో 20 మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో క్రోమోజోములు విడివిడిగా కనిపించే కణాలు) చూస్తారు. పుట్టుకతో శరీరమంతా ఉన్న తేడా, అంటే ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉండటమో, రెండింటి మధ్య ముక్కలు తారుమారు కావడమో, ఆ ఇరవైలో దొరికిపోతుంది. కెమికల్ తగిలితే జరిగేది అది కాదు. ఈ కణంలో ఒక విరుపు, ఇంకెక్కడో మరో కణంలో ఇంకో రకం విరుపు. వేలల్లో ఒకటి రెండు కణాలకు జరిగినదాన్ని ఇరవైలో వెతికితే ఏం దొరుకుతుంది? నార్మల్ రిపోర్టు చేతికొస్తుంది, కిటికీలు మూసే ఉంటాయి.

ఎక్స్‌పోజర్‌కు, అంటే కెమికల్ ఒంటికి తగలడానికి, నిజంగా వాడే పరీక్షలు మూడు. క్రోమోజోమ్ అబెరేషన్ పరీక్షలో ఒక్కొక్కరి నుంచి కనీసం వంద, రెండు వందల మెటాఫేజ్‌లు లెక్కపెడతారు. కామెట్ పరీక్షలో కణాన్ని అగరోజ్‌లో పెట్టి కరెంటు పారిస్తే తెగిన డీఎన్ఏ తోకలా సాగుతుంది. అందం బాగానే ఉంటుంది గానీ, తెగిన పోగుల్ని కణం గంటల్లోనే అతుక్కుంటుంది. శుక్రవారం పని ముగిశాక సోమవారం పొద్దున రక్తం తీస్తే తోకలు కనపడకపోయినా ఆశ్చర్యం లేదు.

మూడోది మైక్రోన్యూక్లియస్. గుంపుగా పరీక్షించాలంటే నా ఓటు దీనికే. హెపారిన్ ట్యూబులో రక్తం తీసుకుని, దాదాపు 0.5 మిల్లీలీటర్లు ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవంలో వేసి, పీహెచ్ఏ అనే పదార్థంతో లింఫోసైట్లను (ఒక రకం తెల్ల రక్తకణాలు) విభజనకు రెచ్చగొడతారు. 44వ గంటకు సైటోకలాసిన్ బీ కలుపుతారు. దాంతో కేంద్రకం రెండవుతుంది గానీ కణం రెండుగా చీలదు. 72 గంటలకు హార్వెస్ట్ చేసి, రెండు కేంద్రకాలున్న కణాలు వెయ్యి ఏరి, వాటిలో పక్కన పడిపోయిన బుల్లి కేంద్రకాలు ఎన్నో లెక్కిస్తారు. విరిగిన క్రోమోజోమ్ ముక్కయినా, స్పిండిల్ (విభజనలో క్రోమోజోములను లాగే దారాలు) లాగలేక వదిలేసిన పూర్తి క్రోమోజోమ్ అయినా అలా మిగిలిపోతుంది.

తప్పులు జరిగేదెక్కడంటే, ఫ్లెబాటమీ వాళ్లు అలవాటు కొద్దీ ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తారు. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి కల్చర్ సరిగా పెరగదు. ఆకుపచ్చ మూతే కావాలని రాసి పంపాలి. ఇంకో పెద్ద చిక్కు బీ12, ఫోలేట్. మనలో శాకాహారులకు బీ12 తక్కువగా ఉండటం మామూలే. ఆ లోపం ఒక్కటే మైక్రోన్యూక్లియస్‌లను పెంచేస్తుంది. వయసు పెరిగినా, పొగ తాగినా సంఖ్య పెరుగుతుంది, ఆడవాళ్లలో మగవాళ్ల కంటే ఎక్కువే ఉంటుంది. అందుకని బీ12, ఫోలేట్ చూడకుండా, అదే వయసులో ఉన్న ఆఫీసు స్టాఫ్‌ను పోలికకు పెట్టకుండా ఈ పరీక్ష చేయిస్తే, బీ12 లోపం చేసిన పనికి ఫార్మలిన్‌ను నిందించినట్టవుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా ఫలితం గుంపుకే వర్తిస్తుంది. ఎక్కువ అబెరేషన్లు, ఎక్కువ మైక్రోన్యూక్లియస్‌లు ఉన్న గుంపుల్లో తర్వాతి ఏళ్లలో క్యాన్సర్ ఎక్కువ కనిపించిందని యూరప్‌లో పెద్ద కోహార్ట్‌లు (ఒకే గుంపును ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు) చూపించాయి. "మీకు 14 వచ్చింది, కాబట్టి మీకు ఫలానా జరుగుతుంది" అని ఒక మనిషికి చెప్పగల డాక్టరు లేరు.

పిల్లల విషయం. రక్తకణాల్లో, ముక్కు పొరలో జరిగిన మ్యుటేషన్ పిల్లలకు వెళ్లదు. వెళ్లాలంటే అది వీర్యకణంలోనో అండంలోనో జరగాలి. మగవాళ్లలో వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు, బయటికి రావడానికి ఇంకో రెండు వారాలు. ఎక్స్‌పోజర్ ఆపి మూడు నెలలు ఆగమనేది ఈ లెక్కతోనే. మూల కణాలకే దెబ్బ తగిలితే ఈ లెక్క చాలదు, కానీ మీరు రాసిన జాబితాలో ఆ స్థాయి సరుకు లేదు. కీమో మందులు కలిపే చోటో, ఈఎన్‌యూ లాంటి మ్యూటజెన్లతో (జన్యువుల్లో మార్పులు తెచ్చేవి) పనిచేసే రీసెర్చ్ ల్యాబో అయితే వేరే మాట.


జవాబు 2: సాష్_18అంగుళాలు

పైవారు చెప్పింది నిజం. రక్తం సంగతి తర్వాత, ముందు గాలిని పరీక్షించండి. మీ జాబితాలో నంబర్ వన్ ఫార్మలిన్. అందులోని ఫార్మాల్డిహైడ్‌ను ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) 2004లోనే గ్రూప్ 1లో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనది. డీఎన్ఏకు, ప్రోటీన్‌కు మధ్య ముడి వేసేస్తుంది. టిష్యూ ఫిక్స్ అవడానికి కారణమైన రసాయనమే మన ముక్కులోనూ అదే పని చేస్తుంది, తేడా మోతాదులోనే.

ముక్కు వెనుక భాగంలో వచ్చే క్యాన్సర్ విషయంలో పేచీ లేదు. లుకేమియాకు కూడా సాక్ష్యం చాలుననే ఐఏఆర్‌సీ అంటోంది. అయితే ఐసోటోప్ గుర్తు పెట్టిన ఫార్మాల్డిహైడ్‌ను ఎలుకలకు పీల్పిస్తే బయటి నుంచి వచ్చిన ముడులు ముక్కులోనే కనిపించాయి, ఎముక మజ్జలో కాదు. మన ఒంట్లోనే ఫార్మాల్డిహైడ్ పుడుతూ ఉంటుంది, దాన్ని ఏడీహెచ్5, ఏఎల్‌డీహెచ్2 ఎంజైములు ఎప్పటికప్పుడు ఊడ్చేస్తాయి. మజ్జ దాకా ఎలా వెళ్తుందన్న వాదన ఇంకా నడుస్తోంది. మీ పనికి ఆ వాదన తేలే దాకా ఆగక్కర్లేదు.

లిమిట్ల సంగతి. అమెరికా ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క 8 గంటల సగటు 0.75 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఇన్ని భాగాలు), 15 నిమిషాలకు 2 పీపీఎం. అక్కడి వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ లెక్క చాలా కఠినం: 0.1, 0.3. నేనైతే రెండోదే గురి పెట్టుకోమంటాను. వాసనను నమ్మకండి. "మాకు వాసన అలవాటైపోయింది సార్" అని టెక్నీషియన్ అన్నాడంటే ముక్కు మొద్దుబారిందని అర్థం, గాలి బాగుందని కాదు.

కొలవడానికి ప్యాసివ్ బ్యాడ్జీలు (బట్టలకు తగిలించుకుంటే గాలిలోని ఆవిరిని పట్టుకునే బిళ్లలు) రెండు రకాలు తెప్పించండి. ఒకటి షిఫ్టంతా కాలర్‌కు, ముక్కుకు జానెడు దూరంలో ఉండాలి. రెండోది 15 నిమిషాలది. దాన్ని కోత పని అప్పుడు కాదు, పాత స్పెసిమెన్ డబ్బాల్లోని ఫార్మలిన్ సింకులోనో క్యాన్‌లోనో వంపేటప్పుడు పెట్టండి. రోజు మొత్తంలో శిఖరం అక్కడే వస్తుంది. చాలా ల్యాబుల్లో ఆ పని హుడ్ (ఆవిరిని లాగేసే పెట్టె) బయట, వంగి, ముఖం డబ్బా మీద పెట్టి చేస్తారు.

ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటరు కొనకండి. అందులోని ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ స్పిరిట్‌కు కూడా ఎగిరిపడుతుంది, మన గదుల్లో స్పిరిట్ లేని నిమిషం ఉండదు. పీఐడీ రకం (యూవీ దీపంతో ఆవిరిని అయనీకరించి కొలిచే) మీటరు తెస్తే ఇంకా మోసం. దాంట్లో మామూలుగా ఉండే 10.6 ఈవీ దీపం ఫార్మాల్డిహైడ్‌ను అయనీకరించలేదు, దానికి 10.88 కావాలి. గదంతా ఘాటు కొడుతున్నా మీటరు సున్నా చూపించగలదు. మూత్రంలో ఫార్మిక్ యాసిడ్ పరీక్ష చేస్తామని ఎవరైనా వస్తే వద్దనండి, తిండిని బట్టే అది మారిపోతుంది.

ఇక మీ సెటప్‌లో అసలు తప్పు ఫ్యాన్ చోటు. ఫార్మాల్డిహైడ్ ఆవిరి బరువు దాదాపు గాలి బరువే, ఎటు గాలి వీస్తే అటు పోతుంది. ఫ్యాన్ తలపైన పెడితే టేబుల్ మీద ఆవిరి పైకి లేచి, గ్రాసింగ్ చేసే మనిషి ముక్కు మీదుగా వెళ్లి, ఆ తర్వాత ఫ్యాన్‌లోకి పోతుంది. ఫ్యాన్ తిరుగుతోందన్న ధైర్యం ఒకటి అదనం. లాగుడు టేబుల్ వెనుక అంచు నుంచో, జల్లెడ పలక కింది నుంచో ఉండాలి. డౌన్‌డ్రాఫ్ట్ టేబుల్ అని అడిగితే చేసిపెట్టేవాళ్లున్నారు. ఏసీ రెక్కలు టేబుల్ వైపు తిరిగి ఉంటే ఎంత మంచి హుడ్‌నైనా ఓడిస్తాయి. రేపే రెక్కల్ని పక్కకు తిప్పండి, ఖర్చు లేదు.

హుడ్ కొంటే ముఖద్వారం దగ్గర గాలి వేగం సెకనుకు 0.4 నుంచి 0.6 మీటర్లు. ఎక్కువైతే మంచిదని పెంచకండి, సుడి తిరిగి బయటికే కొడుతుంది. అనిమోమీటర్‌తో ద్వారాన్ని తొమ్మిది గళ్లుగా ఊహించుకుని ఒక్కో గడిలో కొలవండి. సాష్ (హుడ్ ముందు పైకీ కిందికీ జారే అద్దం) 18 అంగుళాల ఎత్తుకు మించి ఎత్తకూడదు, పని లోపలికి 6 అంగుళాలు జరిపి చేయాలి. టిష్యూ పేపరు పీలిక అంటిస్తే లోపలికి వంగుతుంది, అది హుడ్ నడుస్తోందని చెబుతుంది తప్ప సరిపడా నడుస్తోందని చెప్పదు. డక్టు లేని హుడ్ అయితే మామూలు కార్బన్ ఫార్మాల్డిహైడ్‌ను సరిగా పట్టదు, దానికని మందు పట్టించిన ఫిల్టరే కావాలి. లామినార్ ఫ్లో మాత్రం ఎవరు సూచించినా వినకండి. గాలిని శుభ్రం చేసి మీ ముఖానికే కొడుతుంది. బయోసేఫ్టీ క్యాబినెట్ హెపా ఫిల్టరు క్రిముల్ని ఆపుతుంది, ఆవిరిని కాదు.

మాస్కు కూడా అంతే. సర్జికల్ అయినా ఎన్95 అయినా ఆవిరికి జల్లెడ. వంపే పనికి హాఫ్‌మాస్క్, ఫార్మాల్డిహైడ్ కార్ట్రిడ్జ్ కావాలి, త్రీఎం వాళ్లది 6005.

మీరు తేలిగ్గా రాసేసిన ఇంకో ముక్క నన్ను భయపెట్టింది. ఫార్మలిన్‌లోంచి తీసిన ఎముకను తిన్నగా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తున్నారా? ఆ రెండూ కలిస్తే బిస్ క్లోరోమిథైల్ ఈథర్ పుట్టే అవకాశం ఉంది. అదీ గ్రూప్ 1, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పేరుపొందినది. ఎముకను పారే నీటిలో బాగా కడగాలి, యాసిడ్ సీసాను ఫార్మలిన్ ఉన్న బీరువాలో పెట్టకూడదు, రెండింటి వ్యర్థాలు ఒక క్యాన్‌లో పోయకూడదు. అర్జెంటు లేని కేసులకు యాసిడ్ బదులు ఈడీటీఏ వాడితే గొడవే లేదు, ఆలస్యం అవుతుంది గానీ తర్వాత మాలిక్యులర్ పరీక్షలకు డీఎన్ఏ కూడా దక్కుతుంది.

జైలీన్ గ్రూప్ 3, అంటే క్యాన్సర్ కలిగిస్తుందో లేదో తేల్చలేనిది. జన్యువుల మీద దానికి పెద్ద పగ లేదు, తలనొప్పి, మత్తు, నరాలు దాని లెక్క. కానీ కమర్షియల్ జైలీన్ అంటే శుద్ధ జైలీన్ కాదు, ఇథైల్‌బెంజీన్ చాలా శాతం కలిసే ఉంటుంది, అది గ్రూప్ 2బీ, అంటే క్యాన్సర్ కలిగించవచ్చన్న అనుమానం ఉన్నది. మూతలు పెట్టించండి. పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌లోంచి జైలీన్ నిమిషాల్లో దూరుతుంది, తడిస్తే వెంటనే మార్చాలి. కవర్‌స్లిప్ వేసే టేబుల్‌కు కూడా లాగుడు ఉండాలి, అక్కడే మనిషి ఎక్కువసేపు కూర్చుంటాడు.


పారాఫిన్_బ్లాక్:

ఏసీ రెక్కలు తిప్పించాం. ఎముకను కడగకుండానే వేస్తున్నారు, ఈ రోజు నుంచి ఆపేశారు. ఇథిడియం బ్రోమైడ్ గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. ఇక్కడ అందరికీ అసలు భయం దాని మీదే. మిగిలిన ద్రావణంలో బ్లీచ్ పోసి సింకులో వదులుతున్నారు.


జవాబు 3: జెల్_బావి

బ్లీచ్ ఆపండి. రంగు పోతుంది కాబట్టి విషం పోయిందనుకుంటారు. బ్లీచ్‌తో చర్య జరిగాక మిగిలే పదార్థాలు కూడా బ్యాక్టీరియాలో మ్యుటేషన్లు తెచ్చాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. సరైన పద్ధతి యాక్టివేటెడ్ చార్‌కోల్: 100 మిల్లీలీటర్ల పల్చటి ద్రావణానికి 100 మిల్లీగ్రాముల పొడి, గంటసేపు అప్పుడప్పుడు కదుపుతూ ఉంచి, వాట్‌మన్ 1 కాగితంతో వడకట్టాలి. కాగితం, బొగ్గు హజార్డస్ వేస్ట్‌కు. పనిలో పనిగా, ఆర్ఎన్ఏ కిట్ల లైసిస్ బఫర్‌లో గ్వానిడిన్ ఉంటుంది. దాని మీద కూడా బ్లీచ్ పోయకూడదు, విషవాయువులు వస్తాయి.

భయం సంగతికొస్తే, ఇథిడియం డీఎన్ఏ మెట్ల మధ్య దూరుతుంది, లివర్ ఎంజైములు కలిపి బ్యాక్టీరియా మీద చేసే ఏమ్స్ పరీక్షలో మ్యుటేషన్లు తెస్తుంది. అది నిజం. మోతాదు చూడండి. 50 మిల్లీలీటర్ల జెల్‌లో మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాము చొప్పున మొత్తం 25 మైక్రోగ్రాములు. ఇదే రకం మందును హోమిడియం పేరుతో పశువులకు ట్రిపనోసోమ్ జబ్బుకు కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున ఇంజెక్షన్ ఇస్తారు. 300 కిలోల ఆవుకు ఇచ్చే ఒక్క డోసులో అలాంటి 12,000 జెల్‌ల సరుకు ఉంటుంది. దానికి ఆవిరి కూడా లేదు. రోజూ పీల్చే ఫార్మలిన్ పక్కన ఇది పిల్లకాకి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది పొడిని తూచేటప్పుడు. ఎస్‌డీఎస్‌లో (కెమికల్‌తో పాటు ఇచ్చే భద్రతా పత్రం) పీలిస్తే ప్రాణాంతకమని రాసింది ఆ పొడికే. పొడి కొనకండి, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల రెడీ ద్రావణం కొనండి, 50 మిల్లీలీటర్ల జెల్‌కు 2.5 మైక్రోలీటర్లు చాలు. అగరోజ్ 60 డిగ్రీలకు చల్లారాకే కలపండి. గది దీపాలార్పి చేతి యూవీ ల్యాంపుతో తలుపు పిడి, మైక్రోవేవ్ బటన్లు, కంప్యూటర్ మౌస్ చూడండి, నారింజ మెరుపు కనిపించిన చోటల్లా ఎవరో గ్లవ్స్‌తో ముట్టుకున్నట్టు.

ఆ గదిలో నిస్సందేహంగా మ్యూటజెన్ అనదగ్గది ట్రాన్స్‌ఇల్యూమినేటర్, జెల్‌ను కింది నుంచి వెలిగించే పెట్టె. 302 నానోమీటర్ల యూవీ. గ్లవ్‌కు, కోటు చేతికి మధ్య రెండు వేళ్ల మేర మణికట్టు బయటే ఉంటుంది, బ్యాండ్ కోసేటప్పుడు సరిగ్గా అక్కడే ఎర్రబడుతుంది.


జవాబు 4: మెటాఫేజ్_72

ఆవు లెక్క బాగుంది, కానీ జెల్_బావి గారూ, ఆవు ఏళ్ల తరబడి రోజూ ఆ మందు తీసుకోదు, తర్వాత క్యాన్సర్ వచ్చిందా అని ఎవరూ దాన్ని 30 ఏళ్లు గమనించరు. ఇథిడియం క్యాన్సర్ కారకమని ఐఏఆర్‌సీ చెప్పలేదు, నిజమే. గ్లవ్స్ తీసేయడానికి అది కారణం కాకూడదు.


జవాబు 5: హెచ్360

గర్భం ప్లాన్ చేస్తున్న ఆమె కోసం. ల్యాబ్‌లోని ప్రతి సీసా ఎస్‌డీఎస్ తెరిచి రెండో సెక్షన్ చూడండి. హెచ్340, 341 ఉంటే జన్యు లోపాల సంగతి, 350, 351 ఉంటే క్యాన్సర్, 360, 361 ఉంటే సంతానశక్తి లేదా కడుపులో బిడ్డ. చివరి అంకె 0 అంటే రుజువు బలంగా ఉన్నది, 1 అంటే అనుమానం ఉన్నది. ఫార్మాల్డిహైడ్‌కు 341, 350 రెండూ. ఇథిడియం, ఫినాల్‌కు 341. అక్రిలమైడ్‌కు 340, 350, పైగా 361. క్లోరోఫామ్‌కు 351, 361. ఫిష్ (క్రోమోజోములకు మెరిసే గుర్తులు పెట్టి చూసే పరీక్ష) చేసేచోట వాడే ఫార్మమైడ్‌కు 360, దాన్ని 70 డిగ్రీలు దాటించి వేడి చేస్తారు కూడా, ఆవిరి ఊరికే ఉండదు. ఈ సీసాలకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తే ఆమె ఏవి ముట్టుకోకూడదో గోడ మీద నోటీసు అక్కర్లేదు.

ఇక్కడ జన్యువుకు తగిలే దెబ్బ, బిడ్డ ఎదుగుదలకు తగిలే దెబ్బ ఒకటి కావని గుర్తుంచుకోవాలి. జైలీన్ మ్యూటజెన్ కాదని పైన చెప్పారు, నిజమే. అయినా ఫిన్లాండ్‌లో ల్యాబ్ ఉద్యోగినుల మీద చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో టొల్యూన్, జైలీన్, ఫార్మలిన్ ఎక్కువగా వాడినవాళ్లలో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఆమెను గ్రాసింగ్, స్టెయినింగ్ నుంచి తప్పించాల్సింది గర్భం నిలిచాక కాదు, ప్లాన్ చేసినప్పుడే. అవయవాలు ఏర్పడే వారాల్లో చాలామందికి గర్భం ఉన్నట్టే తెలియదు. మైక్రోటోమ్ (కణజాలాన్ని పల్చగా కోసే యంత్రం), రిపోర్టింగ్, పీసీఆర్ సెటప్ ఇవ్వండి, జీతం తగ్గకుండా.


జవాబు 6: పసుపు_సంచి

2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌లో పారేసే ఫార్మలిన్‌ను పసుపు కేటగిరీలో పేరు పెట్టి మరీ చెప్పారు. సింకులో వంపితే కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్‌కు ఇబ్బంది అవుతుందని మేనేజ్‌మెంట్‌కు చెప్పండి, జన్యువుల కంటే ఆ మాట త్వరగా ఎక్కుతుంది. ఈఎస్ఐ కింద నెలకు 21,000 దాకా జీతమున్నవాళ్లు వస్తారు, బెంజీన్, దాని జాతి ద్రావకాల వల్ల వచ్చే జబ్బులు అక్కడ వృత్తి వ్యాధుల కింద ఉన్నాయి. సలహాకు దేవనహళ్లి దగ్గర కన్నమంగలలో ఐసీఎంఆర్ ప్రాంతీయ వృత్తి ఆరోగ్య కేంద్రం ఉంది, మీకు ఊళ్లోనే.

బ్యాడ్జీ ఫలితం వచ్చాక కాగితం ఫైల్లో పడేయకండి. దాని వెనుక తేదీ, ఎవరు పెట్టుకున్నారు, ఆ రోజు ఎన్ని డబ్బాలు వంపారు, ఏసీ ఎటు తిరిగి ఉంది, కిటికీ తెరిచి ఉందా మూసి ఉందా రాయండి. టేబుల్ మార్చాక అదే మనిషితో, అదే పనితో, అన్నే డబ్బాలతో ఇంకో బ్యాడ్జీ పెట్టించండి.